లోహం పేరు పక్కన అంకెను వదిలేయకండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. రసాయన పదార్థాల ప్రస్తావన వచ్చే వార్తల్లోనూ, విద్యా పుటల్లో అచ్చయ్యే పాఠాల్లోనూ, తెలుగులో వెలువడే విజ్ఞాన వ్యాసాల్లోనూ చాలాకాలంగా కొనసాగుతున్న ఒక లోపాన్ని మీ దృష్టికి తేవడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఐరన్ క్లోరైడ్, కాపర్ ఆక్సైడ్, మెర్క్యురీ క్లోరైడ్, క్రోమియం సల్ఫేట్ అంటూ పేర్లు అచ్చవుతున్నాయి. వాటిలో లోహం పేరు ఉంటుంది, దానితో కలిసిన రుణ అయాన్ (రుణావేశం ఉన్న కణం) పేరు ఉంటుంది, కానీ ఆ రెండింటి మధ్య ఉండవలసిన, లోహం ఏ స్థితిలో ఉందో చెప్పే అంకె మాత్రం కనిపించదు. ఇనుము, రాగి, క్రోమియం వంటి పరివర్తన లోహాల విషయంలో ఆ అంకె లేని పేరు ఏ పదార్థాన్ని సూచిస్తోందో చెప్పడం రసాయనశాస్త్రం చదివినవారికి కూడా సాధ్యం కాదు.

సోడియం క్లోరైడ్ విషయంలో ఈ చిక్కు లేదు. సోడియం తన సమ్మేళనాల్లో ఒక్క ధనావేశంతోనే ఉంటుంది. కాల్షియంకు రెండు, అల్యూమినియంకు మూడు. అందుకే వాటి పేరు వినగానే ఫార్ములా రాసేయవచ్చు. ఐరన్ క్లోరైడ్ అన్నప్పుడు అలా రాయలేం, ఎందుకంటే ఒక ఇనుము అయాన్‌కు రెండు క్లోరైడ్ అయాన్లు ఉన్న పదార్థం ఒకటుంది, మూడు ఉన్న పదార్థం మరొకటుంది. మొదటిది స్ఫటిక జలంతో ఉన్నప్పుడు లేత ఆకుపచ్చగా ఉంటే, రెండోది పసుపు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డుల మీద అక్కరలేని రాగిని కరిగించి తీసేయడానికి వాడేది రెండోది. మొదటిదానికి రాగిని కరిగించే శక్తే లేదు. కాపర్ ఆక్సైడ్ సంగతీ అంతే. రెండు రాగి అయాన్లకు ఒక ఆక్సైడ్ అయాన్ ఉంటే అది ఎర్రని పదార్థం, ఒకటికి ఒకటి ఉంటే నల్లని పదార్థం.

ఈ తేడాకు కారణం పరమాణువు నిర్మాణంలోనే ఉంది. వాయుస్థితిలోని సోడియం పరమాణువుల నుంచి మొదటి ఎలక్ట్రాన్‌ను తీయడానికి ఒక మోల్‌కు (పరమాణువులను లెక్కించే ప్రమాణం) సుమారు 496 కిలోజౌళ్ల శక్తి చాలు. రెండోదాన్ని తీయాలంటే ఆ విలువ ఒక్కసారిగా 4562కు ఎగబాకుతుంది. సాధారణ రసాయన చర్యల్లో అంత ధర ఎవరూ చెల్లించలేరు కాబట్టి సోడియం ఒక ఎలక్ట్రాన్‌తోనే ఆగిపోతుంది. ఇనుముకు వరుసగా ఈ విలువలు 762, 1562, 2957. ఇక్కడ అలాంటి అగాధమేదీ లేదు. బయటి ఎలక్ట్రాన్లు ఉండే 3డి, 4ఎస్ ఆర్బిటాళ్ల శక్తులు దగ్గరదగ్గరగా ఉండడం వల్ల ముందు 4ఎస్ నుంచి రెండు ఎలక్ట్రాన్లు పోతాయి, పరిస్థితులు అనుకూలిస్తే 3డి నుంచి మూడోది కూడా పోతుంది. ఎదుట ఉన్న మూలకం ఏది, మాధ్యమం ఆమ్లమా క్షారమా, ఆక్సిజన్ అందుబాటులో ఉందా లేదా అన్నదాన్ని బట్టి లోహం ఎక్కడ ఆగాలో తేలుతుంది. మాంగనీస్ అయితే రకరకాల సమ్మేళనాల్లో రెండు నుంచి ఏడు దాకా అన్ని ఆక్సీకరణ స్థితుల్లోనూ (పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు కోల్పోయినట్టు లెక్కకట్టామో చెప్పేది ఆక్సీకరణ స్థితి) కనిపిస్తుంది. ఇన్ని అవకాశాలున్న లోహానికి ఒకే పేరు పెట్టి సరిపెట్టుకుంటే చదివేవాడికి మిగిలేది ఊహ ఒక్కటే.

ఇది పరీక్షల్లో మార్కులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. రక్తహీనతకు ఇచ్చే మాత్రల్లో సాధారణంగా ఉండేవి ఫెర్రస్ సల్ఫేట్, ఫెర్రస్ ఫ్యూమరేట్ వంటివి, అంటే ఇనుము రెండు ధనావేశాలతో ఉన్న సమ్మేళనాలు. పేగు లోపలి కణాలు నేరుగా లోపలికి తీసుకోగలిగేది ఆ రూపాన్నే. మూడు ధనావేశాలున్న ఇనుము ముందు ఒక ఎలక్ట్రాన్‌ను పొంది రెండుకు దిగితే తప్ప ఆ దారిన లోపలికి పోలేదు. ఆరోగ్య వ్యాసంలో “ఐరన్ సల్ఫేట్” అని రాసినప్పుడు సరిగ్గా ఆ సమాచారమే జారిపోతుంది. పాదరసం విషయంలో తేడా ఇంకా భయంకరం. పాదరసానికి రెండు క్లోరైడ్‌లున్నాయి, రెండూ తెల్లగానే ఉంటాయి. ఒకటి కాలొమెల్. నీటిలో దాదాపు కరగదు, ఒకప్పుడు విరేచనాలకు మందుగా కూడా ఇచ్చేవారు. రెండోది నీటిలో బాగా కరిగే తీవ్రమైన విషం. “మెర్క్యురీ క్లోరైడ్” అనే పేరు ఈ రెండింటికీ సమానంగా అతుకుతుంది.

క్రోమియం గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే కాలుష్య వార్తల్లో తరచుగా వినిపించే లోహం అదే. ప్రకృతిలో, పరిశ్రమల్లో దానికి ప్రధానంగా రెండు ఆక్సీకరణ స్థితులు కనిపిస్తాయి, మూడు, ఆరు. తోళ్లు పదును చేయడానికి వాడే క్రోమియం సల్ఫేట్ మూడో స్థితికి చెందినది. ఆరో స్థితిలో క్రోమియం నీటిలో విడిగా ధన అయాన్‌గా ఉండదు, ఆక్సిజన్‌తో కలిసి క్రోమేట్ లేదా డైక్రోమేట్ అనే రుణ అయాన్‌గా ఉంటుంది. క్రోమేట్ ఆకారంలో సల్ఫేట్‌ను పోలి ఉంటుంది కాబట్టి కణాలు సల్ఫేట్‌ను తీసుకునే దారిలోనే దాన్నీ లోపలికి రానిస్తాయి. మూడో స్థితిలోని క్రోమియం కణపొరను దాటడం కష్టం. ఆరో స్థితిలోని సమ్మేళనాలు మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించి మొదటి వర్గంలో చేర్చింది. మూడో స్థితి సమ్మేళనాలను ఆ వర్గంలో చేర్చలేదు. “నీటిలో క్రోమియం ఆనవాళ్లు” అన్న శీర్షిక చదివిన పాఠకుడు భయపడాలా వద్దా అన్నది ఆ వార్తలో లేని అంకె మీద ఆధారపడి ఉందన్నమాట.

ఈ అంకె ఎలా వచ్చిందో కూడా కొంత చెప్పుకోవాలి. మైలుతుత్తం, అన్నభేది వంటి పాత పేర్లు వస్తువును గుర్తుపట్టడానికి పనికొచ్చేవే గాని అందులో ఏ మూలకాలున్నాయో చెప్పేవి కావు. 1787లో లవోయిజర్, గిటాన్ ద మోర్వో, బెర్తొలె, ఫుర్‌క్రువా అనే నలుగురు ఫ్రెంచి రసాయనవేత్తలు పదార్థం పేరు దాని సంఘటనాన్ని చెప్పాలన్న సూత్రం మీద కొత్త నామకరణ పద్ధతిని ప్రచురించారు. ఆ ఒరవడిలోనే తక్కువ స్థితికి “అస్” అనీ, ఎక్కువ స్థితికి “ఇక్” అనీ ప్రత్యయాలు స్థిరపడ్డాయి. ఇనుముకు ఫెర్రస్, ఫెర్రిక్, రాగికి క్యుప్రస్, క్యుప్రిక్ వంటి మాటలను మనలో చాలామంది ఇప్పటికీ వాడుతున్నాం. ఔషధాల పెట్టెల మీద అవే ఉంటాయి కాబట్టి వాటిని పూర్తిగా మరిచిపొమ్మని నేను అనను. కానీ వాటిలో ఉన్న లోపం చిన్నది కాదు. ఫెర్రస్ అంటే రెండు, క్యుప్రస్ అంటే ఒకటి. ఫెర్రిక్ అంటే మూడు, క్యుప్రిక్ అంటే రెండు, తగరానికి వాడే స్టానిక్ అంటే నాలుగు. ప్రత్యయం “ఇది తక్కువది, అది ఎక్కువది” అని మాత్రమే చెబుతుంది, ఎంతో చెప్పదు. ప్రతి లోహానికీ విడిగా కంఠస్థం చేయవలసిందే. పైగా వనేడియంలా రెండు నుంచి ఐదు దాకా నాలుగు స్థితులున్న లోహం ఎదురైతే ఉన్న రెండు ప్రత్యయాలూ చాలవు.

జర్మన్ రసాయనవేత్త ఆల్ఫ్రెడ్ స్టాక్ 1919లో దీనికి సూటి పరిష్కారం సూచించాడు. లోహం పేరు వెంటనే బ్రాకెట్లో దాని ఆక్సీకరణ స్థితిని రోమన్ అంకెలో రాయాలన్నాడు. (పాదరసపు ఆవిరి వల్ల తన ఆరోగ్యం దెబ్బతిన్న తర్వాత 1926లో దాని ప్రమాదాల గురించి తోటి శాస్త్రవేత్తలను బహిరంగంగా హెచ్చరించినవాడు కూడా ఈయనే.) శుద్ధ, అనువర్తిత రసాయనశాస్త్ర అంతర్జాతీయ సంఘం తన నియమాల్లో ఈ పద్ధతిని స్వీకరించింది. ఐరన్ త్రీ క్లోరైడ్, కాపర్ టూ సల్ఫేట్ అని తరగతి గదుల్లో చదివేది దీన్నే.

రోమన్ అంకెలు తెలుగు అచ్చులో ఇబ్బంది పెడతాయన్న మాట కొంతవరకు నిజం. అవి చూడడానికి ఇంగ్లిషు అక్షరాల్లా ఉంటాయి కాబట్టి అక్షరాలనుకుని తెలుగులోకి మార్చేసే ప్రమాదం ఉంది. దీనికి దారి లేకపోలేదు. 1949లో ఈవెన్స్, బాసెట్ అనే ఇద్దరు రసాయనవేత్తలు ఆక్సీకరణ స్థితికి బదులు అయాన్ మీద ఉన్న ఆవేశాన్నే మామూలు అంకెతో, గుర్తుతో సహా బ్రాకెట్లో రాయవచ్చని ప్రతిపాదించారు. అంతర్జాతీయ సంఘం 2005లో వెలువరించిన నియమాలు కూడా దాన్ని అంగీకరిస్తున్నాయి. దాని ప్రకారం పైన చెప్పిన రెండు ఇనుము క్లోరైడ్‌లు ఐరన్(2+) క్లోరైడ్, ఐరన్(3+) క్లోరైడ్ అవుతాయి. ఏ తెలుగు ఫాంట్‌లోనైనా చెక్కుచెదరకుండా అచ్చయ్యే పేర్లివి. పత్రికలకు ఇదే అనువైన పద్ధతి అని నా అభిప్రాయం. ఈ లేఖలో ఇకపై నేనూ దాన్నే పాటిస్తాను. లోహం పేరుకూ బ్రాకెట్‌కూ మధ్య ఖాళీ ఉండకూడదన్నది నియమం. చిన్న విషయమే అయినా, అంకె ఆ లోహానికి చెందినదని తెలిసేది అలా అంటిపెట్టుకుని ఉండడం వల్లనే.

ఇక ఆ అంకెను కనుక్కోవడం ఎలా అన్నది. విద్యా పుటల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే కనిపిస్తుంది. అయాన్ల ఆవేశాలు తెలిస్తే అంకెలను అడ్డంగా మార్చి ఫార్ములా రాయడం పిల్లలకు నేర్పుతారు. అది బాగానే పనిచేస్తుంది. అదే కిటుకును తిరగేసి, ఫార్ములాలో కింద ఉన్న అంకెలను మళ్లీ అడ్డంగా మార్చి ఆవేశాలు చెప్పేయడం మాత్రం తప్పు. టార్చిలైట్ బ్యాటరీల్లో వాడే నల్లని మాంగనీస్ ఆక్సైడ్‌లో ఒక మాంగనీస్‌కు రెండు ఆక్సిజన్లుంటాయి. కిటుకు ప్రకారం మాంగనీస్ మీద రెండు, ఆక్సిజన్ మీద ఒకటి ఆవేశం రావాలి. కానీ ఆక్సైడ్ అయాన్ మీద ఎప్పుడూ రెండు రుణావేశాలే ఉంటాయి. అటువంటివి రెండు ఉంటే మొత్తం నాలుగు, వాటిని తటస్థం చేయాల్సింది ఒక్క మాంగనీసే, కాబట్టి అది మాంగనీస్(4+) ఆక్సైడ్. అసలు రెండుకు నాలుగు అన్న నిష్పత్తిని ఒకటికి రెండుగా కుదించి ఫార్ములా రాశారు. కుదించినప్పుడే ఆవేశపు జాడ చెరిగిపోయింది. తెల్లని రంగులకు వాడే టైటానియం ఆక్సైడ్‌లోనూ జరిగేది ఇదే.

రెండో పొరపాటు, బ్రాకెట్లోని అంకెను పరమాణువుల సంఖ్యగా భావించడం. ఎర్రని కాపర్ ఆక్సైడ్‌లో రాగి పరమాణువులు రెండున్నాయి కాబట్టి దాన్ని కాపర్(2+) ఆక్సైడ్ అనీ, నల్లనిదానిలో ఒకటే ఉంది కాబట్టి కాపర్(1+) ఆక్సైడ్ అనీ రాస్తారు. నిజం సరిగ్గా దీనికి తలకిందులు. ఎర్రనిదానిలో ఒక ఆక్సైడ్ అయాన్ తెచ్చిన రెండు రుణావేశాలను రెండు రాగి అయాన్లు చెరొకటి పంచుకుంటాయి, నల్లనిదానిలో ఆ రెండింటినీ ఒక్క రాగి అయానే మోస్తుంది. అందుచేత లెక్క ఎప్పుడూ రుణ అయాన్ వైపు నుంచే మొదలవ్వాలి. క్లోరైడ్, నైట్రేట్‌లకు ఒకటి, ఆక్సైడ్, సల్ఫేట్, కార్బనేట్‌లకు రెండు, ఫాస్ఫేట్‌కు మూడు. ఇవి మారవు. వాటి మొత్తాన్ని లోహ అయాన్ల సంఖ్యతో భాగిస్తే కావలసిన అంకె వస్తుంది. రెండు క్రోమియం అయాన్లకు మూడు సల్ఫేట్‌లుంటే మొత్తం ఆరు, చెరి మూడు, కనుక అది క్రోమియం(3+) సల్ఫేట్.

ఈ లెక్కను కళ్లు మూసుకుని చేయకూడదని చెప్పే పదార్థాలు కొన్ని ఉన్నాయి. బోధనలో వాటికి దక్కవలసిన చోటు దక్కడం లేదని నాకు అనిపిస్తుంది. బంగారంలా మెరిసి చాలామందిని మోసగించిన పైరైట్ ఖనిజంలో ఒక ఇనుముకు రెండు గంధకాలు ఉంటాయి. సల్ఫైడ్ మీద రెండు రుణావేశాలు అనుకుని లెక్కకడితే ఇనుము మీద నాలుగు వస్తుంది. అలాంటి ఇనుము అందులో లేదు. ఆ రెండు గంధక పరమాణువులు ఒకదానితో ఒకటి బంధం కలుపుకుని డైసల్ఫైడ్ అనే ఒకే అయాన్‌గా ఉంటాయి, ఆ జంట మొత్తానికి ఉన్నవి రెండు రుణావేశాలే. కాబట్టి దాని పేరు ఐరన్(2+) డైసల్ఫైడ్. కాలొమెల్‌లో జతకట్టేది లోహమే. రెండు పాదరస పరమాణువులు కలిసి రెండు ధనావేశాలున్న ఒకే అయాన్‌గా ఏర్పడతాయి. స్టాక్ పద్ధతిలో అది మెర్క్యురీ వన్ క్లోరైడ్, ఆవేశ పద్ధతిలో డైమెర్క్యురీ(2+) క్లోరైడ్. ఈ ఒక్క చోట ఆవేశ పద్ధతి అయాన్ అసలు రూపాన్ని కూడా చూపిస్తుంది. ఇక మాగ్నెటైట్‌లో మూడు ఇనుములకు నాలుగు ఆక్సిజన్లు ఉన్నాయి కాబట్టి భాగహారం చేస్తే ఎనిమిదిలో మూడో వంతు అనే భిన్నం వస్తుంది. ఏ అయాన్‌కూ భిన్నపు ఆవేశం ఉండదు. అందులో రెండు ధనావేశాలున్న ఇనుము ఒకటి, మూడు ధనావేశాలున్నవి రెండు కలిసి ఉన్నాయి కనుక స్టాక్ పద్ధతిలో ఐరన్ టూ త్రీ ఆక్సైడ్ అని రెండు అంకెలూ పక్కపక్కనే రాస్తారు.

రంగును బట్టి అంకె చెప్పేయవచ్చన్న నమ్మకం కూడా మంచిది కాదు. కోబాల్ట్(2+) క్లోరైడ్ నీరు లేనప్పుడు నీలంగా ఉంటుంది, ఆరు నీటి అణువులు చేరితే గులాబీ రంగుకు మారుతుంది. అంకె మాత్రం అదే.

పరివర్తన లోహం ధన అయాన్‌గా కాక రుణ అయాన్ లోపల ఉన్నప్పుడు పరిస్థితి కొంత వేరు. పొటాషియం పర్మాంగనేట్‌లో ఏడో స్థితిలో ఉన్న మాంగనీస్ నాలుగు ఆక్సిజన్లతో కలిసి ఒకే రుణావేశం గల అయాన్‌లో ఉంటుంది. అక్కడ మాంగనీస్ పక్కన 7+ అని ఆవేశంలా రాయడం తప్పు, ఎందుకంటే ఏడు అన్నది లెక్క కోసం కట్టిన ఆక్సీకరణ స్థితి, అయాన్ మీద నిజంగా ఉన్న ఆవేశం కాదు. పర్మాంగనేట్, క్రోమేట్, డైక్రోమేట్ అన్న పేర్లు ఒక్కొక్కటి ఒకే అయాన్‌ను సూచిస్తాయి, వాటిని అంతర్జాతీయ నియమాలు కూడా ఒప్పుకుంటాయి. కాబట్టి పత్రికలు వాటిని ఉన్నవి ఉన్నట్టు వాడుకోవచ్చు.

అంకె అక్కరలేని చోట దాన్ని అతికించమని కూడా నేను కోరడం లేదు. జింక్, కాడ్మియంలకు రెండు, స్కాండియంకు మూడు, వెండికి దాదాపు ఎప్పుడూ ఒకటే ఆవేశం కాబట్టి జింక్ సల్ఫేట్, సిల్వర్ నైట్రేట్ అని రాస్తే చాలు. వెండి అరుదుగా రెండో స్థితిలో ఉన్న ఫ్లోరైడ్ గురించి రాస్తున్నప్పుడు మాత్రం చెప్పక తప్పదు. మరోవైపు తగరం, సీసం పరివర్తన లోహాలు కాకపోయినా రెండేసి స్థితుల్లో ఉంటాయి. కొన్ని టూత్‌పేస్టుల్లో ఉండే స్టానస్ ఫ్లోరైడ్‌ను టిన్(2+) ఫ్లోరైడ్ అని రాస్తేనే అది పూర్తి పేరు అవుతుంది.

సాధారణ పాఠకులకు ఇదంతా భారమని సంపాదక వర్గం భావించవచ్చు. విటమిన్ బి6 అనీ, బి12 అనీ రోజూ అచ్చవుతూనే ఉన్నాయి, పాఠకులు వాటిని తడబడకుండా చదువుతూనే ఉన్నారు. అంకె తీసేసి ఊరికే “విటమిన్ బి” అని రాస్తే ఏదని అడుగుతారు కూడా. ఐరన్ ట్రైక్లోరైడ్ అని సంఖ్యను మాటలో చేర్చి రాయడాన్ని కూడా నియమాలు ఒప్పుకుంటాయి. కానీ సల్ఫేట్, ఫాస్ఫేట్ వంటి బహుపరమాణుక అయాన్లు వచ్చేసరికి ఆ పేర్లు నోరు తిరగనంత పొడవవుతాయి. అంతకన్నా బ్రాకెట్లో రెండు గుర్తులు రాయడమే తేలిక.

కాబట్టి నా విన్నపం పరిమితమైనది. వార్తలో పరివర్తన లోహపు సమ్మేళనం పేరు వచ్చినప్పుడు, సమాచారం ఇచ్చిన నిపుణుణ్ని అది ఏ స్థితిలో ఉన్నదని ఒక్క ప్రశ్న అడిగి ఆ అంకెను పేరులో చేర్చండి. సమాధానం దొరకకపోతే ఏ రూపమో తెలియదని రాయండి, అది ఊహించి రాయడం కంటే నయం. విద్యా పుటల్లో అచ్చువేసే నమూనా ప్రశ్నపత్రాల్లో “ఐరన్ క్లోరైడ్ ఫార్ములా రాయండి” వంటి ప్రశ్న ఉంటే, దాన్ని సరిదిద్ది అచ్చువేయండి. లేదా రెండు ఫార్ములాల్లో ఏది రాసిన విద్యార్థికైనా పూర్తి మార్కులు వేయవలసి ఉంటుందని జవాబుల పట్టికలో సూచించండి.

భవదీయుడు,
ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు